ముక్కలవుతున్న ప్రపంచ విపణి: సరుకు ఆగదు, దారి మారుతుంది

సరుకు ధర ఎటు పోతుందో చెప్పటానికి వర్తకులు ఇంతకాలం మూడు సంగతులు చూసేవారు. పంట ఎంత వస్తున్నది, నిల్వ ఎంత వున్నది, గిరాకీ ఎట్లా వున్నది అన్నవి ఆ మూడు. వీటికి ఇప్పుడు నాలుగవ సంగతి తోడయింది. ఏ దేశానికి ఏ దేశంతో పడటం లేదన్నది తెలియనిదే మొదటి మూడు లెక్కలూ కుదరటం లేదు. గుంటూరు మిర్చి యార్డుకు గాని, భీమవరం రొయ్యల వర్తకానికి గాని, కాకినాడ రేవు నుండి సాగే బియ్యం ఎగుమతికి గాని ఈ మాట సమంగా వర్తిస్తున్నది.

ప్రపంచమంతా ఒకే అంగడి అనుకున్న రోజులు వెనుకబడ్డాయి. తమకు అనుకూలమైన దేశాలతో జట్టుకట్టి, గిట్టని దేశాలపై సుంకాలు, ఆంక్షలు వేసే ధోరణి పెరుగుతున్నది. దీనిని చూసి అంతర్జాతీయ వర్తకమే నిలిచిపోతుందని కొందరు భయపడుతున్నారు. గత ఏడెనిమిది సంవత్సరాల అనుభవం అట్లా చెప్పటం లేదు. సరుకు దాదాపు ఎక్కడా ఆగలేదు. దారి మాత్రం మారింది. చుట్టుదారి పట్టిన సరుకుకు ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చును చివరకు ఎవరు భరిస్తున్నారన్నదే రైతుకు, వర్తకునికి కావలసిన ప్రశ్న.

ఈ స్థితి ఎట్లా వచ్చింది?

1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. ఒక సభ్యదేశానికి ఇచ్చిన సుంకం రాయితీని తక్కిన సభ్యదేశాలన్నిటికీ ఇవ్వాలన్నది దాని మూల సూత్రం. కొన్ని మినహాయింపులు వున్నప్పటికి మొత్తం మీద వర్తకం ఈ సూత్రం మీదనే నడిచింది. 2001 డిసెంబరులో చైనా సభ్యత్వం పొందింది. దరిమిలా సరుకుల గిరాకీకి చైనా కేంద్రమయింది.

తగాదాలు వచ్చినప్పుడు చివరి తీర్పు చెప్పటానికి సంస్థలో ఏడుగురు సభ్యుల అప్పీలు మండలి వుండేది. కొత్త సభ్యుల నియామకానికి అమెరికా అంగీకరించకపోవటంతో 2019 డిసెంబరు నాటికి ఆ మండలిలో విచారణకు అవసరమైన ముగ్గురు సభ్యులు కూడ లేకుండా పోయారు. ఓడిపోయిన దేశం అప్పీలు చేస్తే ఆ కేసు అక్కడే నిలిచిపోయే పరిస్థితి ఏర్పడింది. పంచాయితీ చెప్పే పెద్దలు లేని ఊరిలో గట్టు తగాదాలు ఎట్లా పెరుగుతాయో దేశాల మధ్య అట్లాగే జరిగింది.

2018లో అమెరికా, చైనాల సుంకాల పోరు మొదలయింది. 2020లో కొవిడ్ వల్ల సరఫరాలు దెబ్బతిన్నాయి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం ప్రారంభమయింది. 2023 నవంబరు నుండి ఎర్ర సముద్రంలో ఓడలపై దాడులు జరిగాయి. 2025లో అమెరికా దాదాపు అన్ని దేశాల సరుకులపైనా కొత్త సుంకాలు వేసింది. వర్తకం తీవ్రంగా ముక్కలయిన పక్షంలో ప్రపంచ ఉత్పత్తిలో 7 శాతం వరకు నష్టం వుండగలదని అంతర్జాతీయ ద్రవ్యనిధి 2023 జనవరిలో అంచనా వేసింది. ఇది ఫ్రాన్సు, జర్మనీ దేశాల వార్షిక ఉత్పత్తి రెండూ కలిపినంత మొత్తం. ఈ నష్టం అందరికీ సమానంగా పడదన్నది గమనించవలసిన విషయం.

ఒక సరుకుకు రెండు ధరలు

విపణి చీలితే ధర ఏమవుతుందో తెలియటానికి సోయాబీన్స్ మంచి ఉదాహరణ. ప్రపంచంలో ఎగుమతి అయ్యే సోయాలో సుమారు 60 శాతం చైనాయే కొంటుంది. అమ్మేవారిలో ప్రధానమైనవి బ్రెజిల్, అమెరికా. రెండు దేశాల గింజకూ తేడా స్వల్పం. అందుచేత ధరలు కూడ ఇంచుమించు కలిసే నడిచేవి.

2018 జూలై 6న అమెరికా సోయాపై చైనా 25 శాతం అదనపు సుంకం వేసింది. వెంటనే చైనా కొనుగోలుదారులు బ్రెజిల్ వైపు తిరిగారు. బ్రెజిల్ రేవులలో ధర ఎగసింది. అమెరికాలో ధర పడింది. ఒక దశలో రెండింటి మధ్య తేడా బుషెల్‌కు 2 డాలర్లు దాటింది. బుషెల్ అంటే సుమారు 27 కిలోలు గనుక టన్నుకు 73 డాలర్లకు పైగా తేడా అన్నమాట. అమెరికా నుండి చైనాకు 2017లో మూడు కోట్ల టన్నులకు పైగా వెళ్లిన సోయా 2018లో 80 లక్షల టన్నుల చిల్లరకు దిగింది. చైనాలో అదే సంవత్సరం పందులకు వ్యాధి సోకి మేత గిరాకీ తగ్గటం కూడ ఇందుకు కొంత కారణం.

అయితే చైనాకు రాని అమెరికా సోయా పారబోయబడలేదు. బ్రెజిల్ సరుకు చైనాకు తరలిపోవటంతో ఖాళీ అయిన ఐరోపా తదితర విపణులకు అమెరికా సరుకు తక్కువ ధరకు చేరింది. గింజ తన దారి తాను వెతుక్కున్నది. నష్టమంతా అమెరికా రైతు ధరలో కనిపించింది. ఆ దేశ ప్రభుత్వం 2018, 2019 సంవత్సరాలకు కలిపి సుమారు 2,800 కోట్ల డాలర్ల సహాయం రైతులకు ప్రకటించవలసి వచ్చింది.

ఇదే కథ 2025లో మళ్లీ జరిగింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో చైనా అమెరికా నుండి ఒక్క టన్ను సోయా కూడ దిగుమతి చేసుకోలేదు. అక్టోబరు నెలాఖరులో రెండు దేశాల అధినేతలు దక్షిణ కొరియాలో కలుసుకున్న తరువాతనే కొనుగోళ్లకు దారి ఏర్పడింది. ఈలోగా బ్రెజిల్ రైతు సోయా విస్తీర్ణం పెంచుకున్నాడు. పోయిన అంగడి తిరిగి వచ్చినా పూర్తిగా రాదన్నది ఇందులోని పాఠం.

చమురులో లాభం, రొయ్యలో నష్టం

విపణి చీలినప్పుడు మధ్యలో నిలబడిన దేశానికి లాభం కూడ వుంటుంది. ముడిచమురు విషయంలో భారతదేశానికి అదే జరిగింది. ఉక్రెయిన్ యుద్ధం తరువాత ఐరోపా దేశాలు రష్యా చమురు కొనటం తగ్గించాయి. అమ్ముడుపోని చమురును రష్యా తగ్గింపు ధరకు ఇవ్వజూపింది. 2022 డిసెంబరు 5 నుండి పాశ్చాత్య దేశాలు బ్యారెల్‌కు 60 డాలర్ల గరిష్ఠ ధరను నిర్ణయించాయి. యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతులలో రష్యా వాటా 2 శాతం లోపు. 2023 నాటికి మూడవ వంతు దాటింది. చమురు శుద్ధి కర్మాగారాలకు, దేశ విదేశ మారకద్రవ్యానికి ఇందువల్ల కలిసివచ్చింది.

అయితే ఈ కొనుగోలుకు ప్రతిఫలం మరొక సరుకు చెల్లించవలసి వచ్చింది. రష్యా చమురు కొంటున్నదన్న కారణం చూపి భారత సరుకులపై 25 శాతం అదనపు సుంకం వేస్తూ అమెరికా అధ్యక్షుడు 2025 ఆగస్టు 6న ఉత్తర్వు జారీచేశారు. అంతకు ముందు వేసిన 25 శాతం ఆగస్టు 7 నుండి అమలులోకి వచ్చింది. రెండూ కలిసి ఆగస్టు 27 నుండి 50 శాతమయింది. చమురుతో ఏ సంబంధమూ లేని రొయ్య, జౌళి, తివాచీ, ఆభరణాల వర్తకులు ఆ భారం మోయవలసి వచ్చింది.

వెనుకటి విపణికీ, ఇప్పటి విపణికీ ముఖ్యమైన తేడా ఇక్కడే వున్నది. ఒక సరుకు ధర ఆ సరుకు గిరాకీ సరఫరాల మీదనే ఆధారపడుతుందన్నది పాత లెక్క. విపణి ముక్కలయినప్పుడు ఒక సరుకులో వచ్చిన లాభానికి ఇంకొక సరుకు మూల్యం చెల్లిస్తుంది. లాభం ఒక ఖాతాలో, నష్టం మరొక ఖాతాలో పడుతుంది. ఆ రెండు ఖాతాలు ఒక మనిషివి కావు.

రొయ్యల రైతు లెక్క

2024-25లో భారతదేశం 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 62,408 కోట్ల రూపాయలు ఆర్జించింది. విలువలో అధిక భాగం రొయ్యలదే. రొయ్య ఎగుమతి సుమారు 7.4 లక్షల టన్నులు కాగా అందులో 3.1 లక్షల టన్నులకు పైగా అమెరికాకే వెళ్లింది. దేశంలో చెరువులలో పెంచే రొయ్యలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆంధ్రప్రదేశ్‌లోనే పండుతున్నది. అందుచేత అమెరికా సుంకం అన్నది ఉభయ గోదావరి, కృష్ణా, నెల్లూరు తీరాల సొంత సమస్య అయింది.

సుంకం ఎట్లా పనిచేస్తుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 100 డాలర్ల సరుకుపై 50 శాతం సుంకం పడితే అమెరికా రేవులో దాని ఖరీదు 150 డాలర్లు అవుతుంది. 2025లో అదే సమయంలో మన ప్రధాన పోటీదారు అయిన ఈక్వెడార్‌పై సుంకం 15 శాతం వుండేది. దాని 100 డాలర్ల సరుకు 115 డాలర్లకే దిగుతుంది. మన రొయ్య కూడ 115 డాలర్లకే దిగాలంటే ఇక్కడ దానిని సుమారు 77 డాలర్లకు అమ్మవలసి వుంటుంది. అంటే ధరలో దాదాపు నాలుగవ వంతు కోత. అంతకు ముందే వున్న యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు దీనికి అదనం.

ఈ కోత ఒక్కరి మీద పడదు. కొంత అమెరికా వినియోగదారుడు, కొంత అక్కడి దిగుమతిదారు, కొంత ఇక్కడి ఎగుమతిదారు, మిగిలినది రైతు భరిస్తారు. ఎవరి వాటా ఎంత అన్నది ఎవరు ఎంతకాలం ఆగగలరు అన్న దానిని బట్టి తేలుతుంది. దిగుమతిదారు ఈక్వెడార్, ఇండొనేషియా, వియత్నాంల వైపు తిరగగలడు. ఎగుమతిదారు శీతల గిడ్డంగిలో సరుకును కొన్నాళ్లు నిలువచేయగలడు. చెరువులో రొయ్య వున్న రైతుకు ఆ వీలు లేదు. పట్టుబడి వాయిదా వేసిన ప్రతిరోజూ మేత ఖర్చు, ఏరియేటర్ల కరెంటు ఖర్చు పెరుగుతాయి. వ్యాధి సోకితే మొత్తానికే మోసం వస్తుంది. ఆగలేని వానికే పెద్ద వాటా రావటం వర్తక న్యాయం.

2025 ఏప్రిల్ అనుభవం ఇందుకు తార్కాణం. భారత సరుకులపై 26 శాతం సుంకం వేయనున్నట్లు అమెరికా ఏప్రిల్ 2న ప్రకటించింది. ఆ సుంకం అమలులోకి రాకముందే, ఒక్క డాలరు కూడ చెల్లించకముందే, ఆంధ్రప్రదేశ్‌లో కౌంటు ధరలు తగ్గించబడ్డాయి. ఏప్రిల్ 9న అమెరికా ఆ సుంకాన్ని 90 రోజుల పాటు నిలిపివేసి 10 శాతానికి పరిమితం చేసింది. ధర తగ్గినంత వేగంగా పెరగదన్నది వర్తకంలో అందరూ ఎరిగిన సంగతే.

కాలవ్యవధి మరొక చిక్కు. చెరువులో పిల్ల వేసిన దగ్గర నుండి పట్టుబడికి మూడు, నాలుగు నెలలు పడుతుంది. 2025 మే నెలాఖరులో పిల్ల వేసిన రైతు 10 శాతం సుంకం వున్న విపణిని చూసి వేశాడు. 100 రోజుల తరువాత, సెప్టెంబరు మొదటి వారంలో వల వేసేనాటికి ఆ సుంకం 50 శాతమయింది. ఆ రైతు పిల్ల ఎంపికలో గాని, నీటి యాజమాన్యంలో గాని పొరపాటు చేయలేదు. అయినా లెక్క తప్పింది. ఆ తరువాత కూడ సుంకాలు ఒకచోట నిలువలేదు. సుంకం ఎక్కువగా వుండటం కంటే ఎప్పుడు ఎంత వుంటుందో తెలియకపోవటం పంట వేసేవానికి ఎక్కువ నష్టం.

కొత్త అంగళ్లు వెతకటం సులభమా?

ఒక అంగడి మూతపడితే మరొక అంగడికి పోవాలన్న సలహా వినిపిస్తున్నది. సలహా మంచిదే. ఆ దిశగా ప్రయత్నాలు కూడ జరిగాయి. 2025 జూలై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందంపై సంతకాలు అయ్యాయి. మన సముద్ర ఉత్పత్తులకు సుంకం తొలగింపు అందులో ఒక అంశం. అదే సంవత్సరం సెప్టెంబరులో ఐరోపా యూనియన్ తమకు ఎగుమతి చేయటానికి అనుమతించిన భారత ప్లాంట్ల జాబితాలో మరో 102 చేర్చింది.

అయితే ప్రతి విపణికీ ఒక పద్ధతి వున్నది. అమెరికాకు ఎక్కువగా తల తీసి, పొట్టు ఒలిచిన రొయ్య పోతుంది. చైనా కొనుగోలుదారులు తలతో వున్న సరుకును కూడ తీసుకుంటారు గాని ధర తక్కువ. ఐరోపా యూనియన్ 2016 నుండి మన రొయ్య సరుకులో సగానికి యాంటీబయాటిక్ పరీక్షలు జరుపుతూ వచ్చింది. అంగడి మారితే కావలసిన కౌంటు మారుతుంది, ప్లాంటులో పని మారుతుంది, చెరువు గట్టున వాడే మందుల జాగ్రత్త మారుతుంది. ఇవన్నీ ఒక సీజనులో జరిగే పనులు కావు.

దిగుమతి వైపు కూడ ఆధారం తక్కువేమీ కాదు. వన్నామి పిల్లను ఉత్పత్తి చేసే హేచరీలకు తల్లి రొయ్యలు అమెరికాలోని హవాయి దీవుల నుండి వస్తున్నాయి. మేతలో సోయాపిండి ప్రధానమైనది. సోయా ధర చైనా, బ్రెజిల్, అమెరికాల మధ్య నిర్ణయమవుతుంది. అమ్మే చోట ఒక దేశం, కొనే చోట ఇంకొక దేశం రైతు లెక్కలో కూర్చున్నాయి.

నూనెల ఒడిదుడుకులు

వంటనూనెల విషయంలో మన దేశం కొనేవారి వైపు వున్నది. మన అవసరాలలో సగానికి మించి దిగుమతుల ద్వారానే తీరుతున్నది. సంవత్సరానికి సుమారు 1.6 కోట్ల టన్నుల నూనె విదేశాల నుండి వస్తుంది. ప్రపంచ పొద్దుతిరుగుడు నూనె ఎగుమతులలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఉక్రెయిన్, రష్యాలవే. 2022లో యుద్ధం వల్ల నల్ల సముద్రపు రేవులు మూతపడగానే కాకినాడ, కృష్ణపట్నం రేవులకు చేరే నూనెకు కొరత ఏర్పడింది.

గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్లు ఇండొనేషియా తమ దేశంలో నూనె ధరలు అదుపు చేయటానికి 2022 ఏప్రిల్ 28న పామాయిల్ ఎగుమతిని నిషేధించింది. మే 23న ఆ నిషేధం తొలగించింది. నాలుగు వారాలైనా నిండని నిషేధమది. మలేషియా విపణిలో మార్చిలో టన్ను 7,000 రింగిట్లు దాటిన పామాయిల్, నిలువలు ఒక్కసారి బయటపడటంతో సెప్టెంబరు నెలాఖరుకు 3,500 రింగిట్ల లోపుకు పడిపోయింది.

మన ఆయిల్‌పామ్ రైతుకు ఇచ్చే గెలల ధర అంతర్జాతీయ నూనె ధరతో ముడిపడి వున్నది. ఏలూరు, ఖమ్మం జిల్లాల తోటలలో ఆ ఏడాది మొదటి సగంలో కనిపించిన ఉత్సాహం రెండవ సగంలో లేకపోవటానికి కారణం ఇదే. తోట వేసిన రైతు పాతికేళ్లకు పైగా దాని మీద ఆధారపడతాడు. ధర మాత్రం జకార్తాలో వెలువడే ఒక ఉత్తర్వుతో నాలుగు వారాలలో తలకిందులు కాగలదు.

కేంద్ర ప్రభుత్వపు దిగుమతి సుంకం కూడ నిలకడగా లేదు. ముడి వంటనూనెలపై మూల సుంకం 2024 సెప్టెంబరులో సున్నా నుండి 20 శాతానికి పెంచబడింది. 2025 మే నెలాఖరులో 10 శాతానికి తగ్గించబడింది. పెంచినప్పుడు గృహిణికి భారం, తగ్గించినప్పుడు నూనెగింజల రైతుకు భారం.

మనం వేసిన గోడ

విపణిని ముక్కలు చేస్తున్నది ఇతర దేశాలు మాత్రమే అనుకోవటం సరికాదు. ప్రపంచ బియ్యం ఎగుమతులలో సుమారు 40 శాతం భారతదేశానివే. దేశంలో ధరలు పెరుగుతున్నాయన్న కారణంతో కేంద్ర ప్రభుత్వం 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతిని నిషేధించింది. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేసింది.

ఫలితంగా ఆగస్టులో థాయిలాండ్ బియ్యం టన్ను 600 డాలర్లు దాటింది. 2008 తరువాత అంత ధర అదే. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం చిల్లర ధరలపై పరిమితి విధించవలసి వచ్చింది. కాకినాడ నుండి బియ్యం తీసుకునే పశ్చిమ ఆఫ్రికా దేశాల వర్తకులు థాయిలాండ్, వియత్నాం, పాకిస్తాన్‌ల వైపు చూశారు. సోయా విషయంలో అమెరికా రైతుకు బ్రెజిల్ ఎట్లాగో, బియ్యం విషయంలో మన మిల్లులకు ఈ దేశాలు అట్లాగే.

2024 సెప్టెంబరు 28న తెల్ల బియ్యంపై నిషేధం ఎత్తివేయబడింది. 2025 మార్చిలో నూకలపై కూడ ఎత్తివేయబడింది. వాయిదా పడిన సరుకంతా విపణికి రావటంతో ధరలు దిగజారాయి. 2025లో థాయి బియ్యం 400 డాలర్ల లోపుకు వచ్చింది. ధర ఎక్కువగా వున్నప్పుడు మన రైతుకు, మిల్లరుకు తలుపు మూసి వున్నది. తలుపు తెరిచేసరికి ధర లేదు. వినియోగదారుని కాపాడటం ప్రభుత్వ విధి అనటంలో సందేహం లేదు. అయితే ఆ రక్షణ ఖర్చు వరి పండించేవాని ఖాతాలో పడిందన్నది కూడ లెక్కలో చేరవలసిన అంశం.

పొగాకు నేర్పిన పాఠం

జట్ల వర్తకం తెలుగు రైతులకు కొత్తది కాదు. 1953 డిసెంబరులో కుదిరిన ఒప్పందం దరిమిలా సోవియట్ యూనియన్‌తో రూపాయలలో చెల్లింపు జరిగే వర్తకం పెరిగింది. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల వర్జీనియా పొగాకుకు ఆ దేశం పెద్ద కొనుగోలుదారుగా వుండేది. డాలర్ల బెడద లేదు. కొనుగోలు ప్రభుత్వ సంస్థలది గనుక నిలకడ వుండేది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయింది. ఆ ఏర్పాటు ముగిసింది. ఒక్క కొనుగోలుదారునికి అలవాటుపడిన వర్తకం ఇతర దేశాల గిరాకీకి తగిన ఆకు కోసం, కొత్త సంబంధాల కోసం తిరిగి మొదటి నుండి పాటుపడవలసి వచ్చింది.

రూపాయి చెల్లింపు మళ్లీ వార్తలలోకి వచ్చింది. విదేశ వర్తకంలో రూపాయలలో బిల్లులు వేయటానికి రిజర్వు బ్యాంకు 2022 జూలై 11న అనుమతించింది. అయితే రష్యా నుండి మనం కొనేది ఎక్కువ, అమ్మేది తక్కువ కావటంతో ఆ దేశం చేతిలో రూపాయలు పేరుకుపోయాయి. రూపాయిలో వర్తకం సాగాలంటే వాటితో కొనదగిన సరుకు మన వద్ద వుండాలి. జట్టు వర్తకానికి లాభమెంత వున్నదో పరిమితి అంత వున్నది.

మిర్చి వర్తకం ఈ పాఠం గుర్తుంచుకోవటం అవసరం. ఎగుమతి మిర్చికి చైనా, బంగ్లాదేశ్‌లు ప్రధాన కొనుగోలుదారులు. 2025 ఆరంభంలో ధరలు పడిపోయి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యం ధర ప్రకటించవలసి వచ్చింది. దిగుబడి, నిల్వలు ఇందుకు కారణమే అయినా, కొనేవారు కొద్దిమందే అయినప్పుడు వారి కొనుగోళ్లు కొంచెం మందగించినా యార్డులో ధర నిలువదు.

చూడవలసిన సూచనలు

ముందు ముందు ధరల ధోరణి అంచనా వేయదలచినవారు కొన్ని సంగతులు తప్పక గమనించవలసి వుంటుంది.

మొదటిది, మన సరుకుపై సుంకం ఎంత అన్నది కాదు, పోటీ దేశం సరుకుపై ఎంత అన్నది. ఇద్దరికీ సమానంగా 20 శాతం వున్నా వర్తకం సాగుతుంది. మనకు 20, వారికి 10 అయితే సాగటం కష్టం.

రెండవది, ఒప్పందంలో సుంకం ఎవరు చెల్లించాలని వున్నదన్నది. సుంకంతో సహా సరుకు అప్పగించే షరతుపై అమ్మిన ఎగుమతిదారు, ఓడ సముద్రంలో వుండగా సుంకం పెరిగితే ఆ నష్టం తానే భరించాలి. తరువాతి కొనుగోలులో దానిని రైతు ధరలో సర్దుకుంటాడు.

మూడవది, ఓడ కిరాయిలు. ఎర్ర సముద్రం మార్గం వదలి ఆఫ్రికా దక్షిణాగ్రం చుట్టి పోతే ఐరోపా ప్రయాణానికి 10 నుండి 14 రోజులు అదనం. శీతలీకరించిన సరుకుకు ఇది చిన్న ఖర్చు కాదు.

నాలుగవది, ఎరువులు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ మనకు పూర్తిగా దిగుమతే. 2022 ఫిబ్రవరి 1 నుండి లిథువేనియా తమ రైలు మార్గం ద్వారా బెలారస్ పొటాష్‌ను పోనివ్వలేదు. 2021 అక్టోబరు నుండి చైనా ఎరువుల ఎగుమతిపై తనిఖీలు బిగించింది. ఎక్కడో మూసిన గేటు ప్రభావం ఇక్కడ బస్తా ధరలోనో, సబ్సిడీ పద్దులోనో, సమయానికి సరుకు దొరకకపోవటంలోనో తేలుతుంది.

ఐదవది, మన ప్రభుత్వపు ఎగుమతి ఉత్తర్వులు. దేశంలో ధర పెరిగిన ప్రతిసారి ఎగుమతిపై ఆంక్ష రావచ్చునన్నది బియ్యం, ఉల్లి, పంచదార వర్తకుల అనుభవం.

ధోరణి ఎట్లా వుండగలదు?

ప్రపంచ విపణి పూర్తిగా విరిగిపోయిందనటం తొందరపాటు. 2025 నాటి సుంకాల తరువాత కూడ ప్రపంచ సరుకుల వర్తకంలో సుమారు 72 శాతం పాత నిబంధనల ప్రకారమే జరిగినట్లు ప్రపంచ వాణిజ్య సంస్థ తెలియజేసింది. అమెరికా కొనకపోతే ఐరోపా, ఐరోపా కొనకపోతే చైనా కొనే అవకాశం వున్నది. ప్రపంచానికి తిండి, నూనె, మేత అవసరం తగ్గలేదు. అందుచేత దీర్ఘకాలంలో గిరాకీ గురించి భయపడనక్కరలేదు.

భయపడవలసినది మధ్యకాలం గురించి. సరుకు పాత దారి నుండి కొత్త దారికి మారే ఆరు నెలలో, సంవత్సరమో ధర పడిపోతుంది. ఆ కాలం గడవటానికి పెద్ద ఎగుమతి సంస్థకు బ్యాంకు పరపతి, గిడ్డంగి వున్నాయి. అమెరికా సోయా రైతుకు ప్రభుత్వ సహాయం అందింది. మన రొయ్యల రైతుకు, అందులోను చెరువు కౌలుకు తీసుకున్నవానికి, ఆ రెండూ లేవు. ఒక్క పంట నష్టపోతే తరువాతి పంటకు పిల్ల, మేత అప్పుపై తెచ్చుకోవలసి వస్తుంది. అప్పు ఇచ్చినవానికే పట్టుబడిని అమ్మవలసి వస్తుంది. అప్పుడు విపణిలో ధర కోలుకున్నా దాని ఫలితం అతనికి దక్కదు.

కాబట్టి కొత్త ఒప్పందాల మాట ఎట్లా వున్నా, మారే కాలాన్ని దాటించే ఏర్పాటు ముఖ్యం. శీతల గిడ్డంగులలో రైతుకే చోటు, పట్టుబడి సరుకుపై తక్కువ వడ్డీకి పరపతి, పంట బీమా, దేశంలోనే రొయ్య వాడకం పెంచటం వంటివి చేయదగిన పనులు. దేశంలో పండే రొయ్యలో అత్యధిక భాగం బయటికే పోతున్నది. ఇంటి అంగడి కొంతయినా పెరిగితే పరాయి రేవులో సుంకం ప్రకటించిన రోజున చెరువు గట్టున ధర అంతగా కూలదు.

రైతు వరకు చెప్పవలసినది ఒకటే. పిల్ల వేసేనాటి ధర పట్టుబడినాటికి వుంటుందని లెక్క వేసుకోరాదు. అందులో నాలుగవ వంతు తగ్గినా అప్పు లేకుండా బయటపడగలనా అని చూసుకుని ఎన్ని ఎకరాలు వేయాలో నిర్ణయించుకోవటం క్షేమకరం.